సూది పెట్టి కాలుస్తారంట

నేను కర్నూలులో ఒక స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తాను. పదహారేళ్లుగా అదే కుర్చీ, అదే పని. లోపల చీకటి గదిలో డాక్టరు ఒక్కొక్కరి పొట్ట మీద జెల్లీ పూసి చూస్తూ ఇంగ్లీషులో చెబుతుంటాడు, ఇవతల నేను కొడుతుంటాను. లివరు, పిత్తాశయం, క్లోమం, కిడ్నీలు, ఆ వరస ఎప్పుడూ మారదు. ఇంటర్మీడియట్ దాటి చదువుకోలేదు గానీ, మనుషుల కడుపుల్లో ఏముందో వాళ్లకంటే ముందు నాకు తెలుస్తుంది. అది మనిషికి పొగరెక్కించే పని. బయట సీసాల కొద్దీ నీళ్లు తాగి, బాత్రూముకు పోకుండా బిగబట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు నన్ను ఆపి ఏమొచ్చిందని అడుగుతారు. డాక్టర్నే అడగండి అంటాను. తెలిసి కూడా చెప్పని మనిషి గొంతు ఎలా ఉంటుందో నా గొంతు అలాగే ఉంటుంది, ఆ సంగతి నాకూ తెలుసు.

మా అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద. పత్తికొండ దగ్గర పల్లెలో ఇచ్చారు. బావకు మూడెకరాల మెట్ట, అందులో ఒక బోరు, ఆ బోరు నమ్ముకుని టమాటా. కోతల కాలంలో అక్క పొద్దున సొంత చేనులో కోసి, మధ్యాహ్నం పత్తికొండ మార్కెట్లో కూలికి కూర్చునేది. పచ్చివి, దోరవి, పండ్లు, పగిలినవి వేరు చేసి బాక్సులకు సర్దడం ఆ పని. కాయను చేతిలోకి తీసుకోకముందే ఏ బాక్సులోకి పోవాలో దాని కళ్లకు తెలిసేది. నోరు కూడా అంతే వేగం. మనిషి సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు రావడం మొదలైనప్పుడు, మార్కెట్లో ఆడవాళ్లు ఎన్నో నెల అని ఎగతాళి చేశారట. పన్నెండో నెల, కడుపులో ఏనుగుపిల్ల ఉంది, అన్నదట. ఆ మాట నాకు ఫోనులో చెప్పి అదే నవ్వింది. నేనూ నవ్వాను. నలభై ఆరేళ్ల మనిషికి పొట్ట వస్తే కొవ్వు అనుకున్నాను, కడుపులు చూసే చోట కూర్చుని కూడా.

తిండి పోకుండా అయ్యాక వచ్చింది. రెండు ముద్దల సంకటి తినేసరికి ఎవరో లోపలి నుంచి తలుపు వేసినట్టు ఆగిపోతుందని చెప్పింది. కుడి పక్క డొక్క కింద బరువు, రాత్రి అటు తిరిగి పడుకోలేకపోవడం. మా సెంటర్లోనే చూపించాను. డాక్టరు లోపల నుంచి చెబుతుంటే నేను నా అక్క లివరును టైపు చేశాను. కుడి భాగంలో పద్నాలుగు సెంటీమీటర్ల గడ్డ, హెమాంజియోమా కావచ్చు. ఆ మాట నేను వారానికి ఒకటి రెండుసార్లైనా కొడతాను. రక్తనాళాలు ముద్దగా అల్లుకుని పెరిగిన గడ్డ, క్యాన్సరు కాదు. కానీ నేను కొట్టినవన్నీ రెండు మూడు సెంటీమీటర్లవి. పద్నాలుగు అని కొట్టి, తప్పు కొట్టానేమోనని లోపలికి వెళ్లి అడిగాను. తప్పు కాదు. తర్వాత సీటీ తీయించాం, అదీ అదే చెప్పింది. అప్పుడు అక్క సంచిలోంచి రెండేళ్ల కింద ఆదోనిలో తీయించుకున్న స్కానింగు కాగితం బయటికి తీసింది. అందులో తొమ్మిది అని ఉంది. ఇంట్లో ఎవరికీ చూపించకుండా బియ్యం డబ్బాలో దాచుకుందట.

క్యాన్సరు కాదు, మంచి గడ్డే అని చెప్పాను. మంచి గడ్డయితే దాని మానాన దాన్ని ఉండనీలే అంది. అందులో న్యాయం లేకపోలేదు.

లివరు డాక్టరు ఒకాయన హైదరాబాదు నుంచి నెలకోసారి కర్నూలు వచ్చేవాడు. చిన్న వయసు, ఓపిక ఉన్న మనిషి. మందులచీటీ వెనక లివరు బొమ్మ గీసి, అందులో గుండ్రం గీసి, నిదానంగా చెప్పాడు. ఇలాంటి గడ్డలు పెద్దవైనా సరే చాలామందికి ఏమీ చేయాల్సిన పనిలేదు, అప్పుడప్పుడు స్కానింగ్ చూసుకుంటూ పోతే చాలు. ఈమెకు తిండి పోవడం లేదు, నొప్పి ఉంది, గడ్డ పెరుగుతోంది, అందుకని చూస్తూ కూర్చోలేం. పొట్ట కోసి తీసే పద్ధతి ఉంది. కోత పెద్దది లేకుండా నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా పంపి తీసే పద్ధతీ ఉంది. కానీ ఈ గడ్డ లివరు వెనక పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది, అక్కడ రక్తం పోతే ఆపడం కష్టం. కాబట్టి మణికట్టు దగ్గర నరంలోంచి వెంట్రుకంత సన్నని గొట్టం లివరు దాకా పంపి, గడ్డకు రక్తం పోయే దారిని లోపలి నుంచే మూసేద్దాం. మత్తు కూడా పూర్తిగా అక్కర్లేదు. రక్తం అందక గడ్డ నెలల మీద ముడుచుకుంటుంది. అప్పటికీ మిగిలి ఇబ్బంది పెడితే, చర్మం మీద నుంచి సన్నని సూది దించి వేడితో కాల్చే పద్ధతి ఉంది, దాని సంగతి తర్వాత ఆలోచిద్దాం. అంతవరకు ఆ చోట దెబ్బ తగలకూడదు, బరువులు ఎత్తకూడదు, ఎవరూ పొట్టను గట్టిగా నొక్కకూడదు. పగలడం అరుదే గానీ, పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఇదంతా ఆమెకు అర్థమయ్యేలా చెప్పమని నాకు అప్పగించాడు. మీరు ఈ లైన్లోనే ఉన్నారు కదా అన్నాడు. ఆ మాటకు నేను లోలోపల పొంగిపోయాను, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

అక్క ఆ గదిలో తల వంచుకుని కూర్చుంది. 'కోసి' అన్న మాట ఒక్కటే దాని చెవిన పడింది. చిన్న కొడుకు పుట్టాక ఒక శిబిరంలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని, కుట్లు చీముపట్టి రెండు నెలలు మంచంలో పడి ఉంది. అప్పటి నుంచి కత్తి పేరెత్తితే లేచి వెళ్లిపోయేది. ఆరోజూ లేచి వెళ్లిపోయింది. నేను డాక్టరుకు దండం పెట్టి, కాగితాలు ఏరుకుని దాని వెనక పరుగెత్తాను.

ఆసుపత్రి ఎదురుగా టీ బంకు ముందు సిమెంటు దిమ్మె ఒకటి ఉంది. దాని మీద కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. నరంలోంచి గొట్టం పంపుతారు అనగానే, గుండెకాయ కాడికి పోతాదేమో అంది. పోదు అన్నాను. గొట్టం లోపలే తెగిపోతే ఎట్ల అంది. తెగదు అన్నాను. రక్తం ఆపేస్తే మనిషి ఎట్ల బతుకుతాది అంది. మనిషికి కాదు, గడ్డకు ఆపుతారు అని విసుక్కున్నాను. అప్పటికే పన్నెండు దాటింది, సెంటర్ నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది, నాతో పాటు టైపు చేసే అమ్మాయి కాన్పుకు పోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఆ నిమిషంలో అక్క నాకు మా సెంటర్ బెంచీ మీది ఆడవాళ్లలో ఒకతెలాగా కనిపించింది. దీనికి వివరాలు ఎందుకు, ఒప్పుకుంటే చాలు అనుకున్నాను. డాక్టరు చెప్పినవాటిలో అన్నిటికంటే తేలికగా ఉన్న మాట, ఆఖర్న తర్వాత ఆలోచిద్దామన్న మాట, అదొక్కటి ఏరి దాని చేతిలో పెట్టాను.

"కోసేది లేదుక్కా. సూది పెట్టి కాలుస్తారంట. అంతే."

అక్క మొహం విప్పారింది. ఆరోజు పొద్దుటి నుంచి మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"బల్లకు కాల్చినట్టనా?"

"ఆ, అట్లాంటిదే అనుకో," అన్నాను.

బల్ల అంటే ఏమిటో ఈ తరం వాళ్లకు చెప్పాలేమో. మా వైపు చిన్నపిల్లలకు కాళ్లూ చేతులూ సన్నబడి పొట్ట ఉబ్బితే కడుపులో బల్ల పెరిగింది అనేవాళ్లు. ఉబ్బేది లివరో ప్లీహమో, తడిమితే చెక్కలాగా గట్టిగా తగులుతుంది కాబట్టి ఆ పేరు. దానికి ఊర్లల్లో ఉన్న వైద్యం వాత. ఆదివారం పొద్దు పొడవకముందు పరగడుపున పిల్లను తీసుకుపోతే, ఆముదం రాసి పొట్టను నాలుగు వేళ్లతో అదిమి, బల్ల అంచు ఎక్కడుందో పట్టుకుని, ఆ అంచు వెంబడి ఎర్రగా కాల్చిన సూదితో చురకలు పెడతారు. ఎర్రగా కాలిన సూదికి బల్ల భయపడి వెనక్కి పోతుందట. నాకు నాలుగేళ్లప్పుడు పెట్టించారు. నా చేతులు కదలకుండా పట్టుకున్నది అక్కే. నా పొట్ట మీద మూడు మచ్చలు ఉన్నాయి, దాని పొట్ట మీదా మూడు ఉండేవి. ఇద్దరం బతికి బట్టకట్టాం కాబట్టి, అక్క దృష్టిలో ఆ వైద్యానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, 'అట్లాంటిదే' అన్నాను. నా షిఫ్టుకు ఆలస్యమవుతోంది.

బరువులు ఎత్తొద్దని మాత్రం చెప్పాను. నొక్కొద్దన్న మాట, పగులుతుందన్న మాట చెప్పలేదు. చెబితే భయపడి హైదరాబాదు రానంటుందని చెప్పలేదు.

హైదరాబాదులో మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. ఆనాటి నుంచి అక్క బాక్సు ఎత్తలేదు. కాయలు ఏరేది, ఎత్తే పని పక్కవాళ్లకు చెప్పేది, మా చెల్లెలు వద్దన్నాదని గొప్పగా చెప్పుకునేది. బావే ఆ సంగతి నాకు ఫోనులో నవ్వుతూ చెప్పాడు. ఇక్కడ నేను సెలవు కోసం తంటాలు పడుతున్నాను. వారం రోజులు కావాలంటే మా సెంటర్ మేనేజరు మూడు రోజులిస్తానన్నాడు. ఆ కోపమంతా ఎవరి మీద చూపించాలి? రోజూ సాయంత్రం అక్కకు ఫోను చేసి, సెలవు దొరకలేదని, నా ఉద్యోగం ఊడేలా ఉందని, పిల్లల పరీక్షలు కూడా అప్పుడే వచ్చాయని ఏకరువు పెట్టేదాన్ని. అక్క 'సరేలే పాపా, సరేలే పాపా' అంటూ వినేది. పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లినైనా దానికి నేను పాపనే.

తేదీ ఇంకా పన్నెండు రోజులుందనగా, ఒక సోమవారం మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. మార్కెట్లో కాయలు ఏరుతూ ఏరుతూ అక్క పక్కకు ఒరిగిపోయిందట. పత్తికొండలో చూసి వెంటనే కర్నూలు తీసుకుపొమ్మన్నారు, దారిలో ఉన్నాం అన్నాడు. నేను టైపు చేస్తున్న రిపోర్టు సగంలో వదిలేసి వెళ్లాను.

స్ట్రెచర్ మీద అక్క మొహం సున్నం కొట్టినట్టు ఉంది. పొట్ట బిగిసిపోయి, చేయి వేస్తే మూలుగుతోంది. నర్సు జాకెట్టు పైకి జరిపింది. కుడి డొక్క కింద, పాత మచ్చల పక్కన, మూడు కొత్త వాతలు. పసుపు అద్ది ఉంది, అంచులు నల్లగా, మధ్యలో పచ్చిగా ఉన్నాయి. చర్మం ఆముదంతో ఇంకా జిడ్డుగా ఉంది. బావ వాటిని అప్పుడే మొదటిసారి చూశాడు. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి కరెంటు వస్తే ఆయన మోటారు దగ్గరికి పోయాడు. అక్క ఒక్కతే పక్క పల్లెలో గొర్రెలు కాసుకుంటూ పిల్లల బల్లకు వాతలు పెట్టే తాత దగ్గరికి నడిచిపోయి, కాల్పించుకుని, ఆయన వచ్చేసరికి సంకటి కెలుకుతూ ఉంది. ఆ పగలంతా నొప్పి అంటుంటే ఎండ దెబ్బ అనుకున్నాడు. రెండో రోజు అలాగే మార్కెట్టుకు పోయింది.

నేను అరిచాను. ఆ వార్డులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. ఎద్దును కాల్చినట్టు కాల్పించుకున్నావా, నీకు బుద్ధుందా, నేను డాక్టర్ల చుట్టూ తిరిగి తేదీ తీసుకుంటే నువ్వు పోయి గొర్రెల తాత చేత చురకలు పెట్టించుకుంటావా అన్నాను. అక్క కళ్లు మూసుకుని పడుకుంది.

పొట్ట నిండా రక్తం ఉందని స్కానింగులో తేలింది. కాల్చినందుకు కాదట. కాలిన గాయం చర్మం మీదే ఉంది. కాల్చేముందు అంచు దొరకబుచ్చుకోవడానికి గట్టిగా అదిమినందుకు గడ్డ పగిలి ఉంటుందని డాక్టరు అన్నాడు. రక్తం ఎక్కించారు. గొట్టం పంపి లోపలి నుంచి ఆపే ఏర్పాటు ఉన్న చోటికి వెంటనే పొమ్మన్నారు. పన్నెండు రోజుల తర్వాత ఏ పని కోసం పోవాలో ఆ పనికే, అదే ఆసుపత్రికి, ఆ సాయంత్రమే బయల్దేరాం.

అంబులెన్సులో ముందు సీట్లో బావ, వెనక నేనూ, రక్తం సంచి పట్టుకున్న కాంపౌండరూ. తుంగభద్ర బ్రిడ్జి దాటేదాకా నేను అక్క చేయి పట్టుకోలేదు. అంత కోపం నాకు. దాటాక పట్టుకున్నాను. చల్లగా ఉంది. అప్పుడు మెల్లగా అడిగాను, నిన్ను ఎవరు కాల్పించుకోమన్నారు అని.

"నువ్వే గదా పాపా," అంది.

నాకు అర్థం కాలేదు. అర్థం కానట్టు ఉండాలనుకున్నానేమో.

"సూది పెట్టి కాలుస్తారంటివి. బల్లకు కాల్చినట్టనా అంటే, ఆ, అట్లాంటిదే అంటివి. పెద్ద డాక్టరు సెప్పిన మందే మన పక్కూర్లో ఉండాది గదా అనుకుంటి. నువ్వు సెలవు దొరకల్యేదని శానా యాష్టపడతాంటివి. ఈడనే అయిపోతే నీకు తిప్పట తప్పుతాదని పోతి."

ఇంత మాట చెప్పేసరికి ఆయాసం వచ్చింది. మాట్లాడొద్దన్నాడు కాంపౌండరు. కాసేపాగి నా చేతిని దగ్గరికి లాక్కుంది.

"మీ బావకు సెప్పొద్దులే. నీ మింద కోపం సేసుకుంటాడు."

నేను ఏడ్చాను. కానీ నిజం చెప్పాలంటే, ఆ ఏడుపులో అక్క మీద జాలితో పాటు, బావకు తెలియదన్న ఊరట కూడా ఉంది. చచ్చిపోతున్న మనిషి చెయ్యి పట్టుకుని కూడా మనసు తన లెక్క తాను చూసుకుంటుంది. ఈ సంగతి నేను ఎవరి గురించో విని ఉంటే నమ్మేదాన్ని కాదు.

ఆసుపత్రిలో వెంటనే లోపలికి తీసుకున్నారు. కర్నూలులో మమ్మల్ని చూసిన డాక్టరే ఉన్నాడు. గంట కూడా పట్టలేదు. బయటికి వచ్చి కంప్యూటర్లో చూపించాడు. మొదటి బొమ్మలో గడ్డ నిండా నల్లని నరాలు ఎండిన కంపచెట్టు కొమ్మల్లా అల్లుకుని ఉన్నాయి. రెండో బొమ్మలో అక్కడ ఏమీ లేదు. దారి మూసేశాం, రక్తం ఆగింది అన్నాడు. వాతల గురించి అడిగాడు. మా ఊర్లల్లో మూఢనమ్మకాలు ఎక్కువ సార్ అన్నాను. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపులో నేనూ ఆయనా ఒక వైపు, అక్క ఒక వైపు అయిపోయాం. అలా చేసింది నేనే.

మరునాడు పొద్దున కొంచెం తెలివి వచ్చింది. పొట్ట తడుముకుంది, కట్లు ఎక్కడా లేవు. కుడి మణికట్టు మీద రెండు వేళ్ల వెడల్పు ప్లాస్టరు ఒకటి ఉంది, అంతే. దాన్ని చాలాసేపు చూసింది.

"ఇంతేనా పాపా?" అంది. "దీనికా నేను బయపడింది?"

ఇంతే అక్కా అన్నాను. ముందే ఇట్ల సెప్పింటే అయ్యేది గదా అని అక్క అనలేదు. అని ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. బువ్వ తినాలని ఉందని చెప్పింది. డాక్టర్లు ఇంకా వద్దన్నారు.

ఆ సాయంత్రం నుంచి మూత్రం రావడం ఆగింది. రెండు రోజులు లోపల్లోపలే రక్తం పోయిన ఒళ్లు, కిడ్నీలు తట్టుకోలేకపోయాయని చెప్పారు. తర్వాత ఊపిరితిత్తులు. బుధవారం రాత్రి మిషన్లు పెట్టారు. గురువారం మిట్టమధ్యాహ్నం, బావ కింద క్యాంటీన్లో ఉన్నప్పుడు, పోయింది. గడ్డ మాత్రం అనుకున్నట్టే రక్తం అందక ముడుచుకోవడం మొదలుపెట్టిందట. ఆ మాట ఎందుకు చెప్పారో తెలియదు. బహుశా తమ పని సరిగ్గానే జరిగిందని చెప్పుకోవాలని ఉంటుంది. ఎవరికైనా ఉంటుంది.

పదకొండో రోజు దినం. అక్క ఇంటి ముందు షామియానా వేశారు. వీధి వీధంతా వచ్చింది, మార్కెట్లో అక్కతో కాయలు ఏరే ఆడవాళ్లు గుంపుగా వచ్చి ఒక మూల కూర్చున్నారు. బావ తమ్ముడికి మొదటి నుంచీ ఆవేశం ఎక్కువ. ఆ వాతలు పెట్టిన తాతను స్టేషనుకు ఈడుస్తానని పది రోజులుగా అంటున్నాడు. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు ఆయన కొట్టం మీదికి పోయి తడికె పీకేసి వచ్చారని కూడా విన్నాను. నేను వద్దనలేదు. ఆ తాతను తిట్టేవాళ్ల పక్కన కూర్చుని, సెంటర్లో నేను చూసిన ఇలాంటివే రెండు మూడు కథలు చెప్పాను కూడా.

భోజనాలు మొదలవుతుండగా ఆయనే వచ్చాడు. గొర్రెలు కాసుకునే ముసలాయన, భుజం మీద గొంగళి, డెబ్బై దాటి ఉంటాయి. షామియానా లోపలికి రాకుండా అంచున, ఎండలోనే, నేల మీద కూర్చున్నాడు. బావ తమ్ముడు లేచాడు. బావ చేయి అడ్డం పెట్టి, అడుగుదాం ఉండు అన్నాడు. బావ గొంతు పెంచలేదు.

"ఎందుకు కాలిస్తివప్పా నా పెండ్లాన్ని?"

ముసలాయన చేతులు జోడించాడు.

"నేను కాల్చనంటినయ్యా. పెద్దోళ్లకు కాల్చను, పిల్లోళ్ల బల్లకే కాల్చేది, పొమ్మంటి. ఆయమ్మ పోల్యేదు. మా చెల్లెలు స్కానింగులో పని సేస్తాది, పెద్ద డాక్టరుతో మాట్లాడింది, సూదితో కాల్చాల్లంట, నువ్వు కాల్చినట్టేనంట అనె. సదువుకున్న పిల్ల సెప్పినాక నాదేముందిలే అనుకుంటి."

విస్తళ్లు వేస్తున్న మనిషి ఆగాడు. అందరూ నా వైపు తిరిగారు. మార్కెట్టు ఆడవాళ్లు, బావ తమ్ముడు, మా అమ్మ తరఫు వాళ్లు. బావ అందరికంటే ఆఖర్న తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. నేను కాదంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్న చూపు అది.

ఆ మాట చెప్పడానికి నాకు అంతకు మించిన చోటు మళ్లీ దొరకదని తెలుసు. ముసలాయన కొట్టం తడికె ఎందుకు పీకారో, నిజానికి ఎవరిది పీకాలో తెలుసు. బావకు చెప్పొద్దని అక్కే అంది కదా అని ఒక సాకు కూడా మనసులో తయారుగా ఉంది. నోరు తెరిచాను.

"నేను అట్ల చెప్పలేదు తాతా. ఆసుపత్రిలో కాల్చేది వేరే, అని చెప్పినా. మా అక్కే సరిగ్గా వినలేదు."

ముసలాయన నన్ను కొంచెంసేపు చూశాడు. తర్వాత తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అట్లయితే నాకే ఇనపల్యేదేమో తల్లీ," అన్నాడు. "ముసిలోన్ని, సెవులు మందం."

రెండు చేల అవతల గొర్రె అరిస్తే అది ఏ గొర్రెనో చెప్పగల మనిషి ఆయన. ఆ సంగతి అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. బావ తల దించుకుని, ముసలాయనకు కూడా ఒక విస్తరి వేయమని చెప్పాడు. మార్కెట్టు ఆడవాళ్లలో ఒకామె జరిగి, నేను కూర్చోవడానికి చోటిచ్చింది.